అరువిచ్చిన అమ్మ

చిట్టి చేసే పని ఏమిటో ఆమె అక్క భర్తకి ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. మొదట్లో "ఘోస్ట్ రైటర్‌ని బావా" అంటే, "దెయ్యాల కథలా?" అని భయపడ్డాడు. కాదు, పుస్తకం నేను రాస్తాను, పేరు మాత్రం వేరేవాళ్ళది ఉంటుంది అని విడమరిచి చెబితే, కాసేపు బుర్ర గోక్కుని, "మరి వాళ్ళేం చేస్తారు?" అన్నాడు. మంచి ప్రశ్నే. వాళ్ళు బతుకుతారు. బతికినదాన్ని నలుగురికీ చెప్పడం మాత్రం చాలామందికి చేతకాదు. ఆ చేతకానితనం మీదే చిట్టి ఇల్లు గడుస్తోంది, బాగానే గడుస్తోంది.

ఆ స్థితికి ఊరికే రాలేదు మరి. చేస్తున్న ఉద్యోగం మానేసిన కొత్తలో రిటైరయ్యేవాళ్ళ ఉపన్యాసాలు రాసింది. కన్నతండ్రి సంతాపసభలో ఏం మాట్లాడాలో తోచని కొడుకులకి ఒక పేజీ రాసిచ్చింది. వాళ్ళు అది చదువుతూ నిజంగానే ఏడ్చేవారు. ఆ తర్వాత కంపెనీల చరిత్రలు రాసింది. వాటిని ముద్రించినవాడు తప్ప ఎవడూ చదివి ఉండడు. చివరికి ఒక గుండె డాక్టరు ఆత్మకథ చేతికొచ్చింది. అది ఎందుకు అమ్ముడుపోయిందో ఆ డాక్టరుకీ తెలీదు, చిట్టికి మాత్రం తెలుసు. ఆయన చేసిన ఆపరేషన్ల గురించి కాకుండా, ఆపరేషనుకి ముందు చేతులు కడుక్కుంటూ ఆయన ఏమేం ఆలోచించేవాడో రాసింది. అప్పట్నుంచి ఆ పబ్లిషింగ్ సంస్థ ఎడిటరు ఆమెని వదల్లేదు. ఎవరైనా పెద్దమనిషి తన జీవితం రాయించుకోవాలనుకుంటే, చిట్టికి తీరిక దొరికేదాకా ఆ జీవితం ఆగాల్సిందే.

ఆమె పద్ధతి ఆమెది. ఎదుటివాళ్ళని ప్రశ్నలతో చంపదు. వాళ్ళ మాటలు రికార్డు చేసుకొస్తుంది. ఇంట్లో గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ ఆ గొంతునే వింటుంది. అలా విని విని, వాళ్ళ ఊతపదాలూ వాళ్ళ దగ్గూ వాళ్ళు మింగేసే మాటలూ తన నోటికి పట్టేసేదాకా కలం ముట్టదు. ఆ రోజుల్లో ఆమెకి ఫోను చేసేవాళ్ళ తల ప్రాణం తోకకొచ్చేది. అక్క మాత్రం ముందే అడిగేది, "ఇవాళ నువ్వెవరివే తల్లీ? డాక్టరువా, హోటలాయనవా? అది తెలిస్తే దాన్నిబట్టి మాట్లాడతాను."

చిట్టికి సొంతమనిషంటూ మిగిలింది ఆ అక్క ఒక్కతే. ఏడేళ్ళు పెద్దది. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. పసుపుపచ్చ కారు, దాని నెత్తిన ఒక బోర్డు, తను కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు. నోరు కాస్త గట్టిదే గానీ ఆమె దగ్గర నేర్చుకున్నవాడు పరీక్ష తప్పడం అరుదు. చిట్టికి ఏడేళ్ళప్పుడు అమ్మ మంచం పట్టింది. మరుసటి ఏడు పోయింది. నాన్నకి ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. జడ వేసింది అక్క, అన్నం పెట్టింది అక్క, పలక పగలగొడితే నెత్తిన మొట్టిందీ అక్కే.

ఇక్కడొక విచిత్రం చెప్పుకోవాలి. ఊళ్ళో అందరి అమ్మల గురించీ రాసే చిట్టికి తన అమ్మ గుర్తు లేదు. ముఖం ఫొటోల్లో చూసిందే. గొంతు అసలు తెలీదు. అమ్మ ఎలా నవ్వేది, దేనికి విసుక్కునేది, ఇవన్నీ అక్క దగ్గరే ఉన్నాయి. అక్క వాటిని అడిగితే చెప్పదు. ఎప్పుడో కారు కడుగుతూ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అమ్మకి ఉరుములంటే భయమే, నన్ను పట్టుకుని పడుకునేది" అని ఒక ముక్క అంటుంది. అంతే. చిట్టి ఆ ముక్కని పట్టుకుని నెలల తరబడి బతుకుతుంది. ఇంకో ముక్క ఎప్పుడు రాలుతుందా అని అక్క చుట్టూ తిరుగుతుంది. ఆమెకి ఈ లోకంలో నిజంగా కావాల్సింది అదొక్కటే. మిగతావన్నీ పనులు.

ఇలా ఉండగా రంగుల కంపెనీ పెద్దాయన వచ్చాడు. గోడలకీ తలుపులకీ వేసే రంగులు తయారుచేసే కంపెనీ ఆయనది. డెబ్భై దాటాయి. మనిషి మంచివాడే, కానీ ఆయన చెప్పే కథ వింటే సిమెంటు నమిలినట్టుండేది. ఫలానా ఏడు ఫ్యాక్టరీ పెట్టాను, ఫలానా ఏడు పెద్దది చేశాను. చిన్నతనం గురించి కదిపితే, "చిన్నతనానికేముందమ్మా, అందరిలాగే గడిచింది" అనేవాడు. మీ అమ్మగారి గురించి చెప్పండి అంటే, "అమ్మ గురించి చెప్పడానికేముంది? ఇంట్లో ఉండేది" అన్నాడు. ఆ మాట అంటూ ఆయన కిటికీకేసి చూశాడు. చిట్టి రికార్డరు ఆ మౌనాన్ని కూడా పట్టింది గానీ, మౌనాన్ని అచ్చు వెయ్యడం ఎలా?

ఎడిటరు సగం రాతప్రతి చదివి నిట్టూర్చాడు. "మేడమ్, అంతా బాగుంది. కానీ గుండె తడి అయ్యే చోటు ఒక్కటైనా ఉండాలి కదా. అమ్మ ఎక్కడ? అమ్మ లేకుండా ఈ పుస్తకం నిలబడదు."

"ఆయన చెప్పట్లేదండీ."

"చెప్పకపోతే చెప్పించండి. మీకు చేతకానిదా?"

చేతకానిదే. నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ ఆయన ఫ్యాక్టరీ చిమ్నీ ఎత్తు గురించే చెప్పాడు. ఐదోరోజు పొద్దున్న చిట్టి కాఫీ కలుపుకుని బల్ల ముందు కూర్చుని, తన దగ్గరున్నది తీసి ఆయనకి ఇచ్చేసింది.

ఆ ఇచ్చింది తన చిన్నతనపు జ్ఞాపకం. స్కూల్లో ఫొటోలు తీసే రోజు. అందరూ నల్లబూట్లు వేసుకురావాలి. చిట్టి బూట్లు అడుగు ఊడిపోయి అప్పటికే నోరు తెరిచేశాయి. ఒట్టికాళ్ళతో వెళ్ళనని ఏడుపు. అక్క కిటికీ ఊచలకి వెయ్యగా మిగిలిన నల్లరంగు డబ్బా తీసి, పాత బ్రష్షుతో చిట్టి పాదాలకి చీలమండల దాకా బూట్లు వేసింది. ఆరాక సుద్దముక్కతో లేసులు గీసింది, ముడి కూడా పెట్టింది. "పరిగెత్తకు, కూర్చోకు, ఎవడైనా అడిగితే కొత్తవని చెప్పు" అంది. అప్పటికి అక్క వయసు పద్నాలుగు. చిట్టికి చిన్నతనంలో ఇంత స్పష్టంగా గుర్తున్నది ఇదొక్కటే.

పుస్తకంలో చిట్టి పాదాలు పెద్దాయన పాదాలయ్యాయి. అక్క, అమ్మ అయింది. రాస్తున్నప్పుడు ఆ మార్పుకి క్షణం కూడా పట్టలేదు. రంగుల కంపెనీవాడి జీవితంలో మొట్టమొదటి రంగు తల్లి చేత్తో పాదాల మీద పడటం! ఎడిటరు ఫోనులోనే ఎగిరి గంతేశాడు. చిట్టి నిజాయితీగానే పెద్దాయనతో చెప్పింది, "సార్, ఇది నేను కల్పించింది. నచ్చకపోతే తీసేద్దాం." ఆయన రెండుసార్లు చదివాడు. "ఉండనీ" అన్నాడు.

పుస్తకం వచ్చింది. జనం కొన్నారు, చదివారు, ఆ పేజీ దగ్గర ఏడ్చారు. చిట్టి పేరు ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా, కాగితం మీద సంతకం పెట్టింది కదా. కంపెనీవాళ్ళు ఊరుకుంటారా? ఆ పేజీ పట్టుకుని ఏకంగా ప్రకటనే చేసేశారు.

ఆ సంగతి చిట్టికి తెలీదు. ఒక మధ్యాహ్నం అక్క కారులో వెనక సీట్లో కూర్చుని వెళుతోంది. ముందు స్టీరింగు పట్టుకున్నది ఒక పళ్ళ డాక్టరమ్మ. అందరి నోళ్ళలోనూ మరలు తిప్పే ఆ చెయ్యి గేరు మార్చాల్సి వస్తే వణుకుతోంది. పక్కన అక్క, చేతులు కట్టుకుని, పాదం తన బ్రేకు మీద పెట్టుకుని, "మెల్లిగా, మెల్లిగా, అది గేరు, దాన్ని పీకెయ్యకండి, అది పన్ను కాదు" అంటోంది. కూడలి దగ్గర మలుపు తిరిగారు.

ఎదురుగా మేడంత బోర్డు. దాని మీద రెండు చిన్న పాదాలు, వాటికి నల్లరంగు బూట్లు, సుద్దతో గీసిన లేసులు, ముడి. బ్రష్షు పట్టుకున్న ఒక తల్లి చెయ్యి. కింద అక్షరాలు: అమ్మ వేసిన మొదటి రంగు.

కారు కీచుమని ఆగింది. బ్రేకు వేసింది డాక్టరమ్మ కాదు.

"అయ్యో, నేనేం తప్పు చేశాను?" అంది డాక్టరమ్మ హడలిపోయి.

"మీరేం చెయ్యలేదు" అంది అక్క. వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. అక్క కదల్లేదు.

డాక్టరమ్మ ఆమె చూపుని బట్టి బోర్డుకేసి చూసింది. "ఓ, అదా! ఆ పుస్తకం చదివారా మీరు? నేను వెక్కివెక్కి ఏడ్చానండీ. ఎంత గొప్ప తల్లండీ ఆవిడ! అలాంటి అమ్మ అందరికీ ఉంటుందా?"

అక్క వెనక సీట్లోని చిట్టి వైపు తిరగలేదు. అద్దంలో కూడా చూడలేదు. "ఫస్ట్ గేరు వెయ్యండి" అంది. "క్లచ్ మెల్లిగా వదలండి. ఆ, అలా. మనం కదలకపోతే కొట్టేలా ఉన్నారు వీళ్ళు."

డాక్టరమ్మని ఆమె క్లినిక్ ముందు దింపాక అక్క డ్రైవరు సీట్లోకి మారింది. చిట్టి ముందుకొచ్చి కూర్చుంది. అక్క ఇంజను వెయ్యలేదు.

"నువ్వే రాశావు కదూ ఆ పుస్తకం?"

చెప్పకూడదని సంతకం ఉంది. "ఊఁ" అంది చిట్టి.

"అనుకున్నాను. ఆ ముడి చూడగానే అనుకున్నాను. ఆ మాత్రం వంకరగా ముడి గీసేది నేనొక్కదాన్నే."

"అక్కా, వేరే ఏమీ దొరకలేదే. ఆయనేమో నోరు విప్పడు, ఎడిటరేమో చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఊరికే ఒక చిన్న సంగతి కదా అని..."

"ఇచ్చావు. ఇస్తే ఇచ్చావు. నీ కాళ్ళు, నీ ఇష్టం." అక్క స్టీరింగు మీద ఉన్న దుమ్ముని బొటనవేలితో తుడిచింది. "ఒక్కటి చెప్పు. అమ్మ అని రాశావేమే? అక్క అని రాస్తే వాళ్ళకి ఏడుపు రాదా?"

చిట్టి ఎంతమంది నోట్లో ఎన్ని మాటలు పెట్టిందో, తన నోట్లోకి ఒక్కటీ రాలేదు.

"నాకు బాధేసిందే" అంది అక్క, చాలా మామూలుగా. "చాలా బాధేసింది. పద్నాలుగేళ్ళదాన్ని. అమ్మ మంచం మీదుంది, నాన్న నిద్రపోతున్నాడు, నువ్వేమో నెత్తీనోరూ కొట్టుకుని ఏడుస్తున్నావు. నాకేం తోచక ఆ డబ్బా తీశాను. ఆ పనికి మెచ్చుకున్నవాళ్ళు లేరు, నేనూ అడగలేదు. ఇవాళ ఊరంతా మెచ్చుకుంటోంది. ఎవర్నట? రంగులాయన తల్లిని."

"మార్పిస్తాను" అంది చిట్టి. "రెండో ముద్రణ వేస్తున్నారు. అక్క అని మార్పిస్తాను. ఆయన మంచివాడే, ఒప్పుకుంటాడు."

"చూద్దాం" అని అక్క ఇంజను వేసింది.

మర్నాడే చిట్టి పెద్దాయన ఆఫీసుకి వెళ్ళింది. గది గోడలు ఒక్కోటీ ఒక్కో రంగు. సొంత సరుకు మరి. ఆయన ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ పుస్తకం వచ్చాక ఆయన మనిషే మారిపోయాడు. ముఖం విచ్చుకుంది, మాట పెరిగింది.

చిట్టి ముందే అనుకున్నట్టు పద్ధతిగా మొదలుపెట్టింది. ఆ బూట్ల ఘట్టంలో అమ్మ బదులు అక్క అని ఉంటే ఇంకా కొత్తగా ఉంటుందనీ, అమ్మ కథలు లోకంలో బోలెడనీ, పైగా మీకు నిజంగా అక్క ఉండేది కదా సార్ అనీ చెప్పింది.

"అక్కా?" ఆయన అర్థం కానట్టు చూశాడు. "మా అక్క అప్పటికే పెళ్ళయి వెళ్ళిపోయిందమ్మా. అది వేసింది మా అమ్మ."

చిట్టి మెల్లిగా అంది, "సార్, అది నేను కల్పించిందని అప్పుడు చెప్పాను కదా."

"చెప్పావు, చెప్పావు." ఆయన చెయ్యి ఊపాడు. "నువ్వు కల్పించాననే అనుకున్నావు. నాకు మాత్రం చదువుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. రంగు చల్లగా ఉండేది. వేళ్ళ సందుల్లో బ్రష్షు పెడితే చక్కిలిగింతలు. నేను కాలు లాగేస్తే అమ్మ మోకాలి మీద ఒక్కటేసి, 'కదిలావంటే రెండో బూటు వెయ్యను పో' అంది. ఇదంతా నువ్వు రాయలేదు. ఎక్కణ్ణుంచి వచ్చింది మరి?"

ఆయన కళ్ళు నిండాయి. దాచుకోలేదు. "అరవై ఏళ్ళు మా అమ్మ గురించి నాకు ఏమీ గుర్తులేదని సిగ్గుపడ్డానమ్మా. అందుకే నువ్వడిగితే మాట దాటేశాను. నువ్వు నాకు మా అమ్మనిచ్చావు. ఇప్పుడు తీసేయమంటావా?"

చిట్టికి వాదించాలనిపించలేదు. ఇంకోటి కూడా తోచింది. చక్కిలిగింత, మోకాలి మీద దెబ్బ, రెండో బూటు వెయ్యననడం, ఇవి అచ్చం అక్క మాటల్లాగే ఉన్నాయి. నిజంగా ఆ రోజు జరిగాయో, ఆయన కల్పించుకున్నాడో తను తేల్చుకోలేకపోయింది. తన కాళ్ళ సంగతి తనకంటే ఆయనకే బాగా తెలిసినట్టుంది. "వద్దులెండి సార్, అలాగే ఉంచుదాం" అని లేచింది. ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

సాయంత్రం డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళేసరికి అక్క ఒక్కతే ఉంది. గోడ నిండా రోడ్డు గుర్తుల పటాలు. బల్ల మీద ఫ్లాస్కూ రెండు గ్లాసులూ పెట్టి ఉన్నాయి. అంటే వస్తుందని ఎదురుచూస్తోందన్నమాట.

"ఒప్పుకోలేదు కదూ?" అంది అక్క, ముఖం చూడగానే.

"లేదు."

"ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

అక్క పకపకా నవ్వింది. నవ్వు చివర దగ్గు వచ్చింది. "పోనీలే. ముసలాయన. అమ్మ లేకుండా ఎంతకాలం ఉంటాడు పాపం. ఉంచుకోనీ." టీ వంచి గ్లాసు ఇటు జరిపింది. అక్క కోపం ఎంతసేపు! ఎప్పుడూ ఇంతే, కసిరేస్తుంది, గంట తిరక్కుండా టీ ఇస్తుంది. కొంపలేం మునగలేదు అనుకుని చిట్టి గ్లాసు అందుకుంది.

ఇద్దరూ టీ తాగుతున్నారు. బయట ఎవరో పిల్లలు సైకిలు బెల్లు అదేపనిగా కొడుతున్నారు.

"అయినా, అందులో అమ్మ లేకపోలేదే" అంది అక్క ఉన్నట్టుండి.

"ఏంటి?"

"ఆ రోజే. నువ్వు ఫొటో దిగి ఇంటికొచ్చాక. నీకు గుర్తుండదు, నువ్వు వచ్చీరాగానే పడి నిద్రపోయావు. అమ్మ మంచం మీంచి నీ కాళ్ళు చూసింది. నాకు హడలు. తన్నులు తప్పవనుకున్నాను. అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. పిలిచి..."

చిట్టి గ్లాసు కింద పెట్టేసింది. ముందుకు వంగింది. అమ్మ పిలిచింది. పిలిచి ఏమంది? ఏ గొంతుతో అంది? ఇన్నేళ్ళలో అక్క ఇంత పెద్ద ముక్క ఎప్పుడూ చెప్పలేదు. వింటూనే, తనకి తెలియకుండానే, చిట్టి ఆ గదిని మనసులోనే పేజీకి సర్దుకుంటోంది. మంచం ఎటువైపు, వెలుగు ఎటువైపు, నిద్రపోతున్న పిల్ల పాదాలు ముందు కనపడాలా, అమ్మ చెయ్యి ముందు కనపడాలా.

అక్క ఆగిపోయింది. చెల్లెలి ముఖంలోకి చూసింది.

"పిలిచి?" అంది చిట్టి.

"ఏం లేదులే."

"అక్కా! చెప్పవే. అమ్మ ఏమంది?"

"చెప్పనే" అంది అక్క. గొంతులో కోపం లేదు, అదే చిట్టిని భయపెట్టింది. "నీకు చెబితే రేపు అది ఎవరి అమ్మ అన్న మాట అవుతుందో."

"ఒట్టు, ఎవరికీ ఇవ్వను. నీ మీద ఒట్టు."

"నువ్వు కావాలని ఇవ్వవే. నాకు తెలుసు." అక్క లేచి గ్లాసులు రెండూ తీసుకుంది. చిట్టిది ఇంకా సగం ఉంది. "ఇదొక్కటీ నా దగ్గరే ఉండనీ" అని కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తిప్పింది.

చిట్టి ఆ కుర్చీలోనే కూర్చుండిపోయింది. అక్క గ్లాసులు కడిగి బోర్లించింది, దీపాలు ఒక్కొక్కటే ఆర్పింది, తాళాలు తీసుకుని గుమ్మంలో నిలబడి, "పద, ఇంటి దగ్గర దింపుతాను" అంది.